మూడు పిల్లులు, ఒక్క తాడు

పిల్లలూ! "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అన్న సామెత మీకందరికీ తెలిసిందే. అర్థం రాయమంటే రాసేస్తారు, సొంతవాక్యంలో ప్రయోగించమంటే ప్రయోగిస్తారు. కాని ఆ సామెతలోని మొదటి సగం గురించి ఎప్పుడైనా ఆలోచించారా? ఆకలేస్తే పిల్లి ఎలుకను పట్టి తినవచ్చు. అంతేగాని చెలగాటం దేనికి? ఎలుక లేకపోయినా కాగితపు ఉండతోనో, చీపురుపుల్లతోనో ఆడుతుందే, అది దేనికి?

ఈ ప్రశ్న నాకై నాకు తోచింది కాదు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. వాళ్ళది చిత్తూరుకు దగ్గర్లో ఒక పల్లె. ఇంట్లో చెనక్కాయ మూటలు, బెల్లం అచ్చులు నిల్వ ఉంటాయి. అవి ఉన్నచోట ఎలుకలు తప్పవు, ఎలుకలు ఉన్నచోట పిల్లులు తప్పవు. వాళ్ళింట్లో మూడున్నాయి.

"సార్, తాటాకు ముక్కకు తాడు కట్టి లాగితే నల్లది ఒక్కటే ఆడతాది. తక్కిన రెండూ కూసోని చూస్తా ఉంటాయి. వాటికి ఆట రాదా సార్? పెద్దదాన్ని మండీ కాడ వదిలేసి రమ్మంటా ఉంది మా అవ్వ. ఎలకల్నీ పట్టక, ఆటా ఆడక, ఊరికే తిని పండుకునేది మనకెందుకు అంటా ఉంది."

జీవశాస్త్రం వాచకంలో ఈ పాఠం లేదు. పరీక్షలో రాదు. కాని ఒక పిల్లి ఇల్లు పోగొట్టుకునే సంగతి కనుక, జవాబు చెప్పక తప్పదనిపించింది. పైగా మా ఇంట్లోనూ మూడు పిల్లులే. అందులో ఒకదాని ప్రాణం నా తెలివితక్కువ వల్ల పోవలసింది, ఎలాగో దక్కింది. ఆ కథ తర్వాత చెబుతాను.

ఎలుకంత వేట

ముందు పిల్లి పూర్వీకుల సంగతి చూద్దాం. ఇంటి పిల్లికి మూలం ఫెలిస్ లిబికా అనే అడవిపిల్లి. పశ్చిమాసియాలో సుమారు 10,000 సంవత్సరాల క్రితం మనుషులు గోధుమ, బార్లీ పండించి గాదెల్లో పోయడం మొదలుపెట్టారు. గాదెల కోసం ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం అడవిపిల్లులు వచ్చాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 సంవత్సరాల నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో మనిషి పక్కనే ఒక పిల్లిని కూడా పూడ్చిపెట్టారు. ఈ సంగతి శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించారు. అంటే కుక్కను మనం పిలిచి పెంచుకున్నామేమోగాని, పిల్లి తనంతట తానే వచ్చి చేరింది. మా విద్యార్థిని ఇంటి చెనక్కాయ మూటల కథ పదివేల ఏళ్ళ పాతదన్నమాట!

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. చిట్టెలుక చాలా చిన్న ప్రాణి. బయట తిరిగి బతికే పిల్లికి కడుపు నిండాలంటే రోజుకు అలాంటివి ఎనిమిదో పదో కావాలి. పోనీ, దూకిన ప్రతిసారీ ఎలుక చిక్కుతుందా? చిక్కదు. చాలాసార్లు తప్పించుకుంటుంది. కనుక ఆకలేసేదాకా కూర్చుని అప్పుడు బయలుదేరదామనుకునే పిల్లి పస్తులుంటుంది. కడుపు నిండి ఉన్నా సరే, ఎలుక కనపడితే దూకే పిల్లి బతికి బట్టకడుతుంది, పిల్లల్ని పెడుతుంది. అందుచేత పిల్లిలో ఆకలి వేరు, వేట వేరు. రెండూ వేర్వేరు తాళంచెవులతో తెరుచుకునే పెట్టెల్లాంటివి.

1976లో ఆడమెక్ అనే శాస్త్రజ్ఞుడు ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా చూపిస్తుంది. పిల్లులు తమకిష్టమైన తిండి తింటున్నప్పుడు దగ్గర్లో ఎలుకను వదిలారు. పిల్లులు తిండి ఆపి, వెళ్ళి ఎలుకను చంపి, దాన్ని పళ్ళెం దగ్గరికి తెచ్చి పడేసి, మళ్ళీ మొదటి తిండే తిన్నాయి!

ఆటలో పిల్లి చేసే పనులన్నీ వేటలో చేసేవే. నక్కి కూర్చోవడం, పొట్ట నేలకు ఆనించి పాకడం, వెనుక భాగం అటూ ఇటూ ఆడించి దూకడం, ముందుకాళ్ళతో పట్టి వెనుకకాళ్ళతో తన్నడం - వీటిలో ఒక్కటైనా "ఉత్త ఆట" కాదు. ఇంగ్లండులోని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయంలో హాల్, బ్రాడ్‌షా అనే ఇద్దరు 1998లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, తిండి తిని ఎక్కువసేపైన పిల్లులు బొమ్మలతో మరింత జోరుగా ఆడాయి. మనకు ఆకలైతే ఆట మీద మనసు పోదు. పిల్లికి అలా కాదు. ఆకలి వేటను పుట్టించకపోయినా, ఉన్న వేటకు పదును పెడుతుంది.

మరి నిజం ఎలుకతో చెలగాటం మాటేమిటి? పిల్లిది క్రూరత్వం అని మనం అంటాం. కాని ఎలుక పళ్ళు తక్కువవేమీ కావు. తొందరపడి మూతి పెడితే కంటికో ముక్కుకో గాయం అవుతుంది. పంజాతో కొట్టి, వదిలి, మళ్ళీ పట్టి, దాన్ని అలసిపోనిచ్చి ఆ తర్వాత మెడ కొరకడం జాగ్రత్తపరుడి పద్ధతి.

కూర్చున్న పిల్లి ఏం చేస్తున్నట్టు?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మూడింటిలో ఒక్కటే ఎందుకు ఆడుతుంది?

తిరుపతి జంతు ప్రదర్శనశాలకు వెళ్ళినవాళ్ళు సింహాలను చూసే ఉంటారు. పిల్లి కుటుంబం మొత్తంలో గుంపుగా బతికి, కలిసి వేటాడే గుణం బాగా ఉన్నది సింహానికే. అడవిదున్నంత జంతువు పడితే పదిమందీ పంచుకోవచ్చు. మన ఇంటి పిల్లి పట్టేది ఎలుకను. ఎలుకను ఎవరికి పంచుతారు? కనుక దాని వేట ఒంటరి వేట. ఒకటి ఎలుక మీద గురిపెట్టి ఉంటే రెండోది మధ్యలో దూకదు. దూకితే ఎలుక పారిపోయి, ఇద్దరికీ లేకుండా పోతుంది. మీరు ఒక తాడు లాగితే మూడు పిల్లులకూ అది ఒక్క ఎలుకే. మొదట గురిపెట్టినదానికో, ఆ ఇంట్లో దూకుడు ఎక్కువున్నదానికో అది చెందుతుంది. తక్కినవి కూర్చుంటాయి. నలుగురు పిల్లల మధ్య ఒక్క బంతి వేస్తే అందరూ కలిసి ఆడుకుంటారు గదా అనుకుంటాం. ఆ లెక్క మనుషులకూ కుక్కలకూ సరిపోతుందిగాని పిల్లులకు సరిపోదు.

అయితే పిల్లిపిల్లలు కలిసి ఆడతాయే? ఆడతాయి. పుట్టిన నాలుగు వారాలకు ఒకదాని మీద ఒకటి పడి దొర్లడం మొదలుపెడతాయి. ఎంత గట్టిగా కొరికితే తోడుది అరుస్తుందో, గోళ్ళు ఎప్పుడు లోపలికి ముడుచుకోవాలో ఆ కుస్తీల్లోనే నేర్చుకుంటాయి. ఏడెనిమిది వారాలకు వస్తువులతో ఆట పెరుగుతుంది. మూడు నెలలు దాటాక కుస్తీలు క్రమంగా తగ్గిపోతాయి. ఒకే తల్లి పిల్లలైతే పెద్దయ్యాక కూడా కొంత కలిసి ఆడుకోవచ్చు. వేరేచోట నుంచి వచ్చి చేరిన పెద్ద పిల్లికి ఆ పాత స్నేహం ఎక్కడిది?

ఇంకో సంగతి చాలామంది గమనించరు. కూర్చున్న పిల్లి ఊరికే కూర్చోలేదు! పిల్లి వేటలో ఎక్కువ సమయం కాపు కాయడానికే పోతుంది, దూకడం రెప్పపాటు పని. కనుక కూర్చున్న పిల్లి ముఖం చూడండి. చెవులు రెండూ ముందుకు తిరిగి, కనుపాపలు వెడల్పయి, తోక కొస మాత్రం అప్పుడప్పుడు కదులుతూ ఉంటే అది కూడా ఆటలో ఉన్నట్టే. తన వంతు కోసం కాచుకుంది. చెవులు పక్కలకు వాలి, చూపు తిప్పుకుని, ఒళ్ళు ముడుచుకుని ఉంటే అది ఆటకు దూరంగా ఉంది. బహుశా రెండో పిల్లికి భయపడుతూ ఉంది.

భయం సంగతి వచ్చింది కనుక తెనాలి రామకృష్ణుని పిల్లి గుర్తొస్తున్నది. కృష్ణదేవరాయలు పిల్లినీ, దానికి పాలకోసం ఆవునూ ఇస్తే, రామకృష్ణుడు మొదటిరోజే కాగే పాలు ముందుపెట్టాడట. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పరుగు. కథ జరిగిందో లేదోగాని, అందులోని శాస్త్రం మాత్రం నిజం. ఒక్క చేదు అనుభవం పిల్లికి చాలాకాలం గుర్తుంటుంది. ఆటలో ఒకసారి తోక తొక్కించుకున్న పిల్లి, లేదా నల్లదాని పంజా దెబ్బ తిన్న పిల్లి, తాడు చూస్తేనే దూరంగా జరగవచ్చు. దాన్ని సోమరి అనడం అన్యాయం. (ఇంకో మాట. పెద్ద పిల్లులు చాలావాటికి పాలలోని చక్కెర సరిగా అరగదు. రామకృష్ణుడు ఆవుపాలన్నీ తన కుటుంబానికే వాడుకోవడం వల్ల పిల్లికి వచ్చిన నష్టం మనం అనుకున్నంత లేకపోవచ్చు! దానికి కావలసింది మాంసమూ చేపలూ.)

ఎలా ఆడించాలి?

మా అమ్మాయికి నేను చెప్పింది మొదట ఒకటే. మూడింటినీ ఒకేచోట ఆడించవద్దు. దూకుడుగా ఉన్నదాన్ని వేరే గదిలో పెట్టి తలుపు మూసి, వెనకబడినదానితో విడిగా ఆడాలి. ఆపైన వంతులు మార్చాలి. గదులు లేని ఇల్లయితే ఇద్దరు కూర్చుని, ఇంటికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, రెండు తాళ్ళతో ఆడించవచ్చు. అప్పుడు ఎలుకలు రెండయ్యాయి గదా.

రెండోది, తాడు లాగే పద్ధతి. మనవాళ్ళు సాధారణంగా బొమ్మను తెచ్చి పిల్లి మూతి ముందు ఆడిస్తారు. ప్రపంచంలో ఏ ఎలుకైనా తనంతట తాను పిల్లి మూతిలోకి వస్తుందా? పైగా పిల్లి కంటికి సుమారు 25 సెంటీమీటర్ల కంటె దగ్గరున్న వస్తువు స్పష్టంగా కనపడదు. అంత దగ్గర పని దాని మీసాలది. దూరంగా, పక్కకు, పిల్లికి వ్యతిరేకదిశలో లాగండి. కాస్త పరుగెత్తించండి, ఆపండి, తలుపు చాటుకు పోనివ్వండి. చాటుకు పోయేటప్పుడే పిల్లి దూకుతుంది, చూడండి. రంగుల కోసం డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. ఎరుపు రంగు దానికి మసకగానే కనపడుతుంది. కదలిక ముఖ్యం. చప్పుడు కూడా ముఖ్యం. మన చెవి సెకనుకు 20,000 కంపనాల దాకా వినగలిగితే పిల్లి చెవి 60,000 దాటి వింటుంది. ఎలుకల సన్నటి కీచు శబ్దాలు మనకు వినపడవు, దానికి వినపడతాయి. ఎండిన చెనక్కాయను దొర్లిస్తే లోపలి గింజలు చేసే చిన్న గలగలకు మా పిల్లులు నిద్రలోంచి లేస్తాయి.

మూడోది, వేళ. పిల్లి తెల్లవారుజామునా, మునిమాపునా చురుగ్గా ఉండే జంతువు. మన చిత్తూరు ఎండల్లో మధ్యాహ్నం రెండు గంటలకు ఆడలేదని దాన్ని తిట్టి ప్రయోజనం లేదు. తిండి పెట్టకముందు ఐదు పది నిమిషాలు చాలు. పిల్లి తక్కువదూరం పరుగువీరుడు, త్వరగా అలసిపోతుంది. చివర్లో తప్పకుండా బొమ్మను పట్టుకోనివ్వండి, వెంటనే తిండి పెట్టండి. గోడమీద టార్చిలైటు చుక్కను పరుగెత్తించే ఆట నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. ఎంత దూకినా పంజాకింద ఏమీ చిక్కదు. లేజరు దీపమైతే కంటికి కూడా ప్రమాదం.

ఈ ఐదు పది నిమిషాల ఆటకు ఇంకో ఫలితం కూడా ఉంది. ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2021లో ప్రచురించిన పరిశీలనలో, రోజూ ఇలా ఆడించిన పిల్లులు వేటాడి ఇంటికి తెచ్చే ప్రాణుల సంఖ్య 25 శాతం తగ్గింది. మాంసం ఎక్కువున్న తిండి పెడితే 36 శాతం తగ్గింది. పిచ్చుకలను, తొండలను కాపాడాలనుకునేవాళ్ళకు ఇది పనికివచ్చే సంగతి. అదే పరిశీలనలో మెడలో గంట కట్టిన పిల్లుల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ కనపడలేదు! పిల్లి మెడలో గంట ఎవరు కడతారని తలలు బద్దలు కొట్టుకున్న ఎలుకలు ఈ మాట వింటే ఏమంటాయో.

ఆటా? పోట్లాటా?

పిల్లులు ఎక్కువైన ఇంట్లో అందరికీ వచ్చే సందేహం ఇది. 2023లో ప్రచురించిన ఒక పరిశోధనలో పిల్లుల జంటల వీడియోలు 105 పరిశీలించారు. ఒకటి కిందపడి మరొకటి మీదపడి వంతులు మార్చుకునే కుస్తీ, నోరెత్తకుండా సాగితే, అది ఆట. అరుపులూ, ఒకటే తరమడం, ఒకటే పారిపోవడం ఉంటే అది కయ్యం. రెంటికీ మధ్యరకం కూడా ఉంది. ఆటగా మొదలై ముదిరేది అదే. చెవులు వెనక్కి అణిగి, బుస్సుమనడం మొదలైతే ఆట ముగిసినట్టు లెక్క. మధ్యలో చేతులు పెట్టకండి. ఒక అట్టముక్కో, చాటో వాటి మధ్య అడ్డం పెట్టండి. ఒకవేళ కరిచినా, రక్కినా, "మన పిల్లే గదా" అని ఊరుకోవద్దు. సబ్బు పెట్టి, ధారగా పారే నీళ్ళకింద 15 నిమిషాలు కడిగి, వెంటనే పెద్దవాళ్ళకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ పిల్లి నుంచి కూడా వస్తుంది. తిట్లకు భయపడి దాచిపెట్టవద్దు.

దారం కథ

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఒక శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో కనకాంబరాలు కట్టారు. మిగిలిన దారంతో నేను పిల్లుల్ని ఆడించి, ఎవరో పిలిస్తే అక్కడే పడేసి లేచిపోయాను. మూడింటిలో చిన్నదైన చుక్క ఆ దారం మింగింది. మేమెవరం చూడలేదు. మరునాడు తిండి ముట్టలేదు, వాంతులు చేసుకుంది. అజీర్ణం అనుకుని ఒకరోజు వృథా చేశాను. సైన్సు మేష్టారినని పేరు!

పశువైద్యుడు ముందుగా దాని నోరు తెరిచి, నాలుక ఎత్తి కిందికి చూశాడు. దారం పోగు నాలుక మొదట్లో చుట్టుకుని ఉంది. తక్కినదంతా లోపలికి పోయింది.

ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోండి. పిల్లి మిమ్మల్ని నాకితే ఉప్పుకాగితం రాసినట్టుంటుంది గదా. నాలుకమీద గట్టి ముళ్ళవంటివి ఉంటాయి. మన గోళ్ళు దేనితో తయారవుతాయో అదే కెరటిన్ అనే పదార్థంతో అవి తయారవుతాయి. వాటి కొసలన్నీ గొంతువైపుకు తిరిగి ఉంటాయి. వెంట్రుకలు దువ్వుకోవడానికి, ఎముకనుంచి మాంసం గీకడానికి అవి బాగా పనికివస్తాయి. కాని వాటికి దారం తగులుకుంటే పిల్లి ఉమ్మలేదు. నాలుక కదిపినకొద్దీ దారం లోపలికే జరుగుతుంది. ఒక కొస నాలుకకు చిక్కుకుని, రెండో కొస పేగులో దిగితే, పేగు దాన్ని కిందికి నెట్టబోతుంది. దారం రాదు. అప్పుడు పేగే దారం మీదికి ఎక్కుతుంది. లంగా బొందు లాగితే గుడ్డ ముడతలు పడి దగ్గరికి వస్తుందే, అచ్చం అలా. బిగిసిన దారం పేగుగోడను కోయగలదు కూడా.

చుక్కకు ఆపరేషన్ చేశారు. బతికింది. అప్పటినుంచి మా ఇంట్లో తాడు ఆట అయిపోగానే డబ్బాలో పెట్టి మూతపెడతాం. దారం, పూలనార, రబ్బరు బాండు, ఊలు, గాలిపటం దారం ఏదీ పిల్లులకు వదిలిపెట్టవద్దు. ఎప్పుడైనా నోట్లోంచి దారం వేలాడుతూ కనిపిస్తే లాగవద్దు. ఎందుకు లాగకూడదో పై పేరా మరోసారి చదివితే మీకే తెలుస్తుంది.

కుప్పింట వేరు

మన గోడల పక్కన, పొలం గట్లమీద పెరిగే కుప్పింటాకు మీరెరిగిందే. దీన్ని పిప్పింట, మురిపిండి అని కూడా అంటారు. గజ్జికీ తామరకూ పల్లెల్లో ఆకు నూరి రాస్తారు. ఈ మొక్కను వేరుతో పెరికి నేలమీద పెడితే కొన్ని పిల్లులు దానికి బుగ్గలు రాసుకుని, చొంగ కార్చి, పొర్లిపొర్లి ఆడతాయి. పక్కనున్న తమిళులు దీనికి పూనైవణంగి అని పేరుపెట్టారు. పిల్లి వంగి దణ్ణంపెట్టే మొక్క అని అర్థం. 2016లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ వేరునుంచి పిల్లుల్ని ఆకర్షించే పదార్థాలను వేరుచేశారు. పాశ్చాత్యదేశాల్లో క్యాట్‌నిప్ అనే మొక్కలో ఉండేవాటికి ఇవి దగ్గరి చుట్టాలు. ఈ రకం పదార్థాలకు దోమలను తరిమే గుణం ఉందని, ఒళ్ళంతా రాసుకున్న పిల్లి మీద దోమలు తక్కువ వాలుతున్నాయని 2021లో జపాన్ శాస్త్రజ్ఞులు మరో మొక్కతో చూపించారు. చూశారా, పిచ్చిగంతులనుకున్నది ఓడోమాస్ రాసుకోవడంలాంటిదేమో!

క్యాట్‌నిప్‌కు మూడింట రెండువంతుల పిల్లులే స్పందిస్తాయి. ఆ గుణం వంశపారంపర్యం. కనుక మీ పిల్లి కుప్పింటను పట్టించుకోకపోతే నిరాశపడకండి. పిల్లులు ఎక్కువుంటే విడివిడిగా ఒక్కో వేరు పెట్టండి. మీరు మాత్రం నోట్లో పెట్టుకోవద్దు.

మీరే చేసి చూడండి

ఒక నోటుబుక్కు, సెకన్ల ముల్లున్న గడియారం ఉంటే చాలు. ఒక పిల్లిని విడిగా తీసుకుని, తిండికి ముందు, ఒకే బొమ్మతో మూడుసార్లు ఆడించండి. మధ్యలో ఐదేసి నిమిషాలు విరామం ఇవ్వండి. ప్రతిసారీ ఎన్ని సెకన్లు ఆడిందో రాయండి. నాలుగోసారి బొమ్మ మార్చండి. పైన చెప్పిన సౌథాంప్టన్ వాళ్ళే 2002లో ఇలాంటి ప్రయోగం ప్రచురించారు. పాత బొమ్మతో పిల్లి ఆట తగ్గుతూ పోయింది, కొత్తది రాగానే ఒక్కసారిగా పెరిగింది. పంజా దెబ్బలు తిన్నా చిరగనిది, మారనిది ఎలుక కాదని పిల్లి తేల్చుకుందన్నమాట. విసుగు పిల్లికి కాదు, బొమ్మలో ఉంది. మీ ఇంటి పిల్లులన్నిటితో విడివిడిగా చేసి, లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే వేళ, ఒకే చోట, ఒకే బొమ్మ అన్న నియమం తప్పవద్దు. తప్పితే మీరు కొలిచింది పిల్లిని కాదు, గడియారాన్ని.

మా అమ్మాయి రెండువారాల నోటుబుక్కు తెచ్చి చూపించింది. పెద్దపిల్లి, తెల్లవారి ఐదున్నర, వాకిలి, నల్లదాన్ని వంటింట్లో పెట్టి తలుపు మూసి, ఎండు చెనక్కాయ. మొదటి మూడురోజులూ "చూసింది" అని ఒక్క మాట. నాలుగోరోజు "పంజాతో తట్టింది, రెండుసార్లు". ఆరోరోజు పడుకునే ఉండి ముందుకాళ్ళతో పట్టి కొరికింది. ముసలిది కనుక ఎగరలేదు. తొమ్మిదోరోజు "అవ్వ కూడా చూసింది" అని రాసి ఉంది.

"మండీ సంగతి ఏమైంది?" అని అడిగాను.

"ఇప్పుడు అవ్వే చెనక్కాయ దొర్లిస్తా ఉంది సార్. కానీ నల్లదాన్ని వంటింట్లో పెట్టి మూస్తే పాలగిన్నె దొబ్బేసింది. అది ఎందుకని అడగమనింది."